పదహారో పుస్తకం

విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఆవిడకు అందరూ పెట్టిన పేరు తేదీలమ్మ. పరిశోధకులు తమ గ్రంథం చివర ఇచ్చే పుస్తకాల జాబితా ఆవిడ కంటపడకుండా బయటికి పోయేది కాదు. పునర్ముద్రణ సంవత్సరాన్ని తొలి ముద్రణగా రాసుకొచ్చారో, అయిపోయారే. తాత వయసడిగితే మనవడి వయసు చెప్తారా అని నలుగురిలో కడిగేసేది.

రిటైరయ్యాక కూడా ఆ పిచ్చి వదల్లేదు. మొన్న అక్క కూతురు తన జాబితా తెచ్చి బల్ల మీద పెట్టగానే, ఎర్ర పెన్సిలుతో కూర్చుంది. పదిహేను పుస్తకాలు దాటి, పదహారో దాని దగ్గర చెయ్యి ఆగింది. పాత బావుల మీద ఆవిడ భర్త రాసిన ఒకే ఒక్క పుస్తకం అది. పక్కన 1987.

పుస్తకం మీద ఉన్నదీ అదే. ప్రెస్సువాళ్లు మొదటి పేజీలు ముందే అచ్చేసి, మిగతావాటికి ఏడాది తిప్పారు. మంచంపట్టిన ఆయన రోజూ పుస్తకం వచ్చిందా అని అడిగేవారు. రేపొస్తుందని ఈవిడ రోజూ చెప్పేది. ఆ ఏడాది డిసెంబరులో ఆయన పోయారు. పుస్తకాల కట్ట మరుసటి మార్చిలో వచ్చింది. మొదటి ప్రతి ఎవరి చేతిలో పెట్టాలో తెలియక, నెల రోజులు దాని తాడు విప్పలేదు.

అచ్చయిన సంవత్సరం తప్పైతే, పక్కన చదరపు బ్రాకెట్లో అసలుది ఇవ్వాలి. వందలమందికి నూరిపోసిన నియమం. కానీ 1987ను అలాగే వదిలేస్తే, ఈ ఒక్క కాగితంలోనైనా ఆయన పుస్తకం చూసుకున్నట్టే. అట్ట తడిమి, మొదటి పేజీలోనే అచ్చుతప్పు పట్టి విసుక్కున్నట్టే. ఆ విసుగు ఒక్కసారి వినాలని ఆవిడ ప్రాణం కొట్టుకుపోయింది.

ఏమైందని అడిగిన పిల్లకు సంగతంతా చెప్పింది.

"వదిలెయ్ పిన్నీ. ఒక్క ఏడాదేగా, ఎవరు చూడొచ్చారు?"

"మీ బాబాయి చూస్తారే. తప్పు తేదీ వేస్తే పదిరోజులు నాతో మాట్లాడని మనిషి."

పెన్సిలు తీసుకుని బ్రాకెట్లో 1988 అని రాసింది. పదిరోజులు కాదు, అసలెప్పటికీ మాట్లాడకపోయినా సరే, ఎదురు కుర్చీలో ఆయన మూతి ముడుచుకుని కూర్చుంటే చాలుననిపించింది ఆవిడకు.