మామయ్యకు పడనివి

మామయ్యకు లోకంలో ఏదీ పడదు. గుడ్డు పడదు. ఫ్యాను గాలి పడదు. దిండు పడదు, మెడ పట్టేస్తుంది. దుప్పటి పడదు, ఒళ్ళంతా దురద. ఇన్ని పడని మనిషి ఇంకా భూమ్మీద ఎలా తిరుగుతున్నాడో ఎవరికీ అంతుపట్టేది కాదు. పడవల ఇంజన్లు బాగుచేసే ఆయన్ని రేవులో చిన్నా పెద్దా అందరూ ‘పడదు మేస్త్రీ’ అనేవారు. పిలిస్తే పలికేవాడు కూడా.

ఇంట్లో ఉండేది ముగ్గురు. తండ్రి లేని పదహారేళ్ళ మేనకోడలు, బట్టలు కుట్టే ఆమె తల్లి, ఆ తల్లికి తోడబుట్టిన ఈ మామయ్య. చెల్లెలు రెండు గుడ్లు ఉడికించి బల్ల మీద పెట్టిందంటే చాలు, ఆయన కుర్చీ వెనక్కి జరిపేవాడు.

“నాకొద్దమ్మా. గుడ్డు తింటే కడుపులో ఇంజను తిరుగుతుంది.”

ఒకసారి రేవులో కొత్త పడవను నీళ్ళలోకి దించి విందు చేశారు. మేస్త్రీ వరసగా ఆరు గుడ్లు గుటకాయస్వాహా చేశాడన్న కబురు ఆయనకంటే ముందే ఇంటికి చేరింది. చెల్లెలు గుమ్మంలోనే నిలదీసింది.

“ఇంట్లో పడని గుడ్డు బయట పడుతుందా అన్నయ్యా? నా చేతి వంటకేనా వంక?”

“ఆ కోళ్ళు వేరు,” అన్నాడు మామయ్య తడుముకోకుండా.

ఆ రోజు నుంచి ఇంట్లో ఎవరిని నిలదీసినా అదే మాట. మేనకోడలికి లెక్కల్లో సున్నా వచ్చి, పక్కింటి పిల్లకు నూరు వస్తే, “ఆ కోళ్ళు వేరమ్మా,” అని మేనకోడలు కూడా తప్పించుకునేది.

వానొస్తే ఆయనతో వీధిలో నడవడం మేనకోడలికి చచ్చేంత సిగ్గు. గొడుగు ఆమె నెత్తిన పట్టి, తాను తడిసి ముద్దై పక్కన నడిచేవాడు. తోటిపిల్లలు కిసుక్కున నవ్వేవారు.

“లోపలికి రా మామయ్యా, అందరూ చూస్తున్నారు.”

“గొడుగు కింద నాకు ఊపిరాడదే.”

ఆమె విసుక్కుని గొడుగుతో సహా పది బారలు ముందు నడిచేది, ఎవరో తెలియనట్టు.

అలాంటి మనిషితో నడిసముద్రంలో చిక్కుకోవడమంటే మాటలు కాదు.

బాగుచేసిన ఇంజనును నీళ్ళ మీద పరీక్షించనిదే మామయ్య ఎవరికీ అప్పగించడు. అదీ మామూలుగా కాదు. ఇంజను మూత మీద చెవి ఆనించి, కళ్ళు మూసుకుని, పాట వింటున్నట్టు వింటాడు. అందుకని చుక్కాని పట్టడానికి ఇంకొకరు కావాలి. బడికి సెలవులు కాబట్టి ఆ పూట మేనకోడలు పట్టింది. రేవు దాటగానే ఆయన మొహం చిట్లించాడు.

“ఎక్కడో కిచకిచమంటోంది. ఇంకొంచెం ముందుకు పోనీ.”

ఇంకొంచెం ఇంకొంచెం అంటూ ఒడ్డు సన్నగీతగా మారేదాకా పోయారు. అప్పుడు ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ఆయన మూత విప్పి, లోపల ఉండాల్సిన చిన్న స్ప్రింగును బయటికి తీసి, వెలుతురులో చూద్దామని పైకెత్తాడు. అదే సమయానికి అల కొట్టింది. స్ప్రింగు ఆయన వేళ్ళలోంచి జారి బుడుంగున నీళ్ళలో పడింది. అదే అల ఆమె ఫోనును కూడా తడిపి చంపింది.

ఇద్దరూ కాసేపు ఆ నీళ్ళకేసి చూశారు.

“నాకు ముందునుంచీ సముద్రం పడదు,” అన్నాడు మామయ్య.

ఆమెకు నవ్వు రాలేదు. గాలి ఒడ్డు నుంచి లోపలికి వీస్తోంది. సాయంత్రానికి ఆ సన్నగీత కూడా కనబడకుండా పోయింది.

పడవలో మంచినీళ్ళ డబ్బా ఒకటి, బిస్కెట్ల పొట్లం ఒకటి, చిరిగిన టార్పాలిను ముక్క ఒకటి, లైఫ్ జాకెట్ ఒకటి ఉన్నాయి. మామయ్య వాటిని చూసిన మరుక్షణమే జబ్బులు మొదలయ్యాయి. జాకెట్ వేసుకుంటే చంకల్లో దద్దుర్లొస్తాయన్నాడు. టార్పాలిను వాసనకు తల తిరుగుతుందని దాన్ని ఆమె మీద కప్పి తాను ఎండలో కూర్చున్నాడు. బిస్కెట్లు నోటికే పడవట.

“నీళ్ళయినా తాగు మామయ్యా.”

“డబ్బాలో నీళ్ళా? ఇనుం వాసన. కడుపు ఉబ్బిపోతుంది. నువ్వు తాగు.”

“చావు వాకిట్లో కూడా నీ నఖరాలేనా!” అని ఆమె అరిచింది. కోపంతోనే తాగింది. కోపంతోనే తింది. ఇంత చాదస్తపు మనిషికి మేనకోడలిగా పుట్టినందుకు తన కర్మను తిట్టుకుంది.

ఎండ కాల్చింది. ఉప్పు గాలికి పెదాలు పగిలి నెత్తురొచ్చింది. దూరాన ఒక ఓడ పోతుంటే మామయ్య చొక్కా విప్పి ఇద్దరూ ఊపారు, గొంతు చించుకుని అరిచారు. అది తన దారిన తాను పోయింది. ఆ తర్వాత ఆమెకు ఏడుద్దామన్నా కళ్ళలో తడి లేదు. మామయ్య ముక్కు మీద చర్మం ఊడింది. కళ్ళు గుంటల్లోకి పోయాయి. నాలుక వాచి మాట ముద్దగా వస్తోంది. అయినా అడిగితే అదే పాట, పడదని.

ఒక మధ్యాహ్నం టార్పాలిను కింద కునుకు తీస్తున్న ఆమెకు ఏదో చప్పుడై మెలకువ వచ్చింది. మామయ్య ఆమెకు వీపు పెట్టి కూర్చున్నాడు. డబ్బా ఆమె పక్కనే ఉంది. మూత మాత్రం ఆయన చేతిలో ఉంది. ఆ మూత లోపలివైపు అంటుకున్న చెమ్మను ఆయన నాకుతున్నాడు. నాకి, తుడిచి, చప్పుడు కాకుండా మళ్ళీ డబ్బాకు బిగించి, ఏమీ ఎరగనట్టు సముద్రం వైపు తిరిగాడు.

ఆమె కదల్లేదు. గొడుగు గుర్తొచ్చింది. ఇంట్లో ఉన్నది ఒకటే గొడుగు. ఒకటే ఫ్యాను, అది తల్లీకూతుళ్ళ గదిలో ఉంది. దిండ్లు రెండు. దుప్పట్లు రెండు. గుడ్లు ఎప్పుడూ రెండే. చాలినంత ఉన్నదేదీ ఈయనకు పడకపోలేదు. ఆ సంగతి ఇన్నేళ్ళు ఒకే కప్పు కింద ఉండి తనకు తట్టనందుకు ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఆయన మీద అంతకంటే మండింది. ఈ మనిషి తన కళ్ళముందే ఎండిపోయి చచ్చిపోతాడు, చచ్చేదాకా అబద్ధమే ఆడతాడు.

లేచి డబ్బా ఆయన ఒళ్ళో పెట్టింది.

“తాగు.”

“నాకు పడవని...”

“నాకూ పడవు.”

“నీకెప్పట్నుంచే?”

“ఇవాళ్టి నుంచి. మేనమామ పోలిక.”

మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. ఆ పడవలో రాజులెవరూ లేరు, మొండివాళ్ళు ఇద్దరున్నారు. డబ్బా మధ్యలో పెట్టుకుని, దాహంతో ప్రాణాలు పోతూ, ఇద్దరూ ఒకరినొకరు ఉరిమి చూసుకుంటూ కూర్చున్నారు. చివరికి ఆయనే దిగొచ్చాడు.

“సరే, ఒక గుక్క. నువ్వు ముందు.”

“నువ్వు ముందు. నేను చూస్తుంటాను. మింగాక నోరు తెరిచి చూపించు.”

ఆయన మింగాడు. గొంతు కదిలింది. మొహంలో ఒక్క క్షణం చిన్నపిల్లాడి సంతోషం లాంటిది కనిపించింది. ఆమె అది చూసి తల తిప్పేసుకుంది.

“కడుపు ఉబ్బిందా?”

“ఇంకా లేదు,” అన్నాడు మామయ్య నేరస్థుడిలా.

అప్పట్నుంచి గుక్కకు గుక్క. బిస్కెట్లు కూడా సగం సగం. టార్పాలిను కింద ఇద్దరూ ముడుచుకుని పడుకున్నారు, కాళ్ళు మాత్రం బయట కాలాయి. అడుగున రెండు గుక్కలు మిగిలేసరికి మళ్ళీ పేచీ మొదలైంది. అప్పటికి ఎవరికీ లేచే ఓపిక లేదు. పడుకునే డబ్బాను కాలితో ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తోసుకున్నారు. ఆమె కాలు ఆగింది. ఆయన కాలూ ఆగింది. “మామయ్యా,” అంటే పలకలేదు. చచ్చిపోయాడనుకుని ఆమె ఆయన ఛాతీ మీద చెవి ఆనించింది, ఆయన ఇంజన్లు వినే పద్ధతిలోనే. లోపల కిచకిచమంటూ నడుస్తోంది. ఆమె చెవి అక్కణ్ణుంచి తియ్యలేదు.

చేపలు పట్టే పెద్ద మరపడవ ఒకటి వాళ్ళను ఆ స్థితిలో చూసింది. ఇద్దరినీ పైకి ఎక్కించాక ఆ పడవ నడిపే సరంగు డబ్బాను ఊపి చూసి తెల్లబోయాడు.

“ఇందులో నీళ్ళున్నాయి కదయ్యా! ఉండగా ఇలా ఎండిపోయారేం?”

ఇద్దరూ చేతులెత్తి ఒకరినొకరు చూపించుకున్నారు.

“అవి ఈయనవి.”

“దానివి.”

ఎండదెబ్బకు మతి పోయిందనుకున్నాడు సరంగు. వంటవాడు పెద్ద గిన్నెతో వేడి గంజి తెచ్చాడు. మామయ్య కళ్ళు తెరవకుండానే అడిగాడు.

“అందరికీ ఉందా?”

“మునిగి ఈదేటంత ఉంది,” అన్నాడు వంటవాడు.

మామయ్య లేచి కూర్చుని గిన్నె రెండు చేతులా అందుకున్నాడు. దించింది ఖాళీ అయ్యాకే.

ఇంటికి చేరాక తల్లి ఇద్దరినీ ఒకే కౌగిట్లో పట్టుకుని ఏడ్చింది, తిట్టింది, మళ్ళీ ఏడ్చింది. తర్వాత అలవాటు ప్రకారం రెండు గుడ్లు తీసి పొయ్యి మీద పెట్టబోయింది. మేనకోడలు వెళ్ళి మూడోది వేసింది. తల్లి కూతురి మొహంలోకి చూసి, ఇంకో ప్లేటు తీసింది.

గుడ్డు ముందుకు రాగానే మామయ్య కుర్చీ వెనక్కి జరిపాడు. “నాకు ప...”

మేనకోడలు ఆ కుర్చీని కాలితో మళ్ళీ బల్ల దగ్గరికి లాగింది.

“తిను మామయ్యా. ఈ కోళ్ళు వేరు.”