తొలిరోజు ముట్టని కత్తి

వెంగ్ సూ-చిన్ ఏం ఉద్యోగం చేస్తుందో ఆవిడ అత్తగారికి ఇన్నేళ్ళయినా సరిగ్గా అంతుపట్టలేదు. ఎవరైనా అడిగితే, "జియాయీ పెద్దాసుపత్రిలో రంగులద్దుతుంది" అంటుంది ముసలావిడ, కోడలు గుడ్డలకి అద్దకం వేసి పొట్ట పోసుకుంటున్నట్టు. ఆ మాటకొస్తే అదేమంత తప్పు కాదు. ఒంట్లోంచి కోసి తీసిన ముక్కని కుళ్ళకుండా ఫార్మలిన్‌లో నానబెడతారు, మైనంలో పోత పోస్తారు, ఉల్లిపొర కన్నా పల్చగా చెక్కి గాజు స్లైడు మీద పరుస్తారు. ఆ పొరని ఉప్పునీళ్ళలో వేడిచేసి సూ-చిన్ దాని మీద ఒక యాంటీబాడీ వదులుతుంది. అది ముక్కలో తనకి కావలసిన ఒకే ఒక్క పదార్థాన్ని వెతుక్కుని పట్టుకుంటుంది. పట్టుకున్న చోట గోధుమరంగు తేలుతుంది. లేనిచోట ఏమీ తేలదు.

రొమ్ము కేన్సరు ముక్కలో ఆ రంగు తేలిందంటే రోగి అదృష్టవంతురాలనే లెక్క. గడ్డ హార్మోనుని తిని పెరిగే జాతిదన్నమాట, రోజూ వేసుకునే మాత్రలకి లొంగుతుంది. తేలకపోతే మాత్రలు దండగ, జుట్టూ ఆకలీ ఊడగొట్టే మందులు నరాల్లోకి ఎక్కించడమే దారి. ఇంత పెద్ద తేడా ఇంత చిన్న స్లైడు మీద తేలుతుందని తలుచుకుంటే సూ-చిన్‌కి ఇప్పటికీ కాస్త భయం. భయం ఉండాలి కూడా. అది లేనివాళ్ళు ఆ గదిలోకి రాకపోతేనే మేలు.

చాంద్రమాన కొత్త సంవత్సరం పండగ అయ్యాక మొదటి వారంలో థూ యువే-షియా అనే ఆవిడ స్లైడు తెల్లగా వచ్చింది.

తోటి టెక్నీషియన్ పో-యెన్ వెంటనే రంగులేసే యంత్రం నెత్తి మీదికి చూశాడు. అక్కడ ఆకుపచ్చ చిరుతిండి పొట్లం ఉంటుంది. ఆ తిండి పేరుకి అర్థమే 'బుద్ధిగా ఉండు' అని, అది పెడితే యంత్రం మొరాయించదని నమ్మకం. పొట్లం ఆకుపచ్చదే కావాలి, ఎవరూ విప్పి తినకూడదు, గడువు దాటకూడదు. బ్యాంకుల్లోనూ రైల్వేలోనూ చదువుకున్నవాళ్ళే పెడతారు, ఇక్కడ మాత్రం ఎందుకు పెట్టరు? ఆ పొట్లం బాధ్యత పో-యెన్‌ది. పని నేర్చుకుని నాలుగేళ్ళయినా ఇంకా అందరికీ పిల్లాడే.

"అక్కా, చచ్చాం. దీని గడువు పండగ ముందే దాటిపోయింది. అందుకే యంత్రం అలిగింది."

"యంత్రానికి తిండి పెట్టడం గుర్తుండదు గానీ నీకు మధ్యాహ్నం అన్నం మాత్రం ఠంచనుగా గుర్తుంటుంది. నీ పెళ్ళి సంబంధాల మీద కూడా ఓ పొట్లం పెట్టుకోరాదూ?"

"పెట్టానక్కా. అదీ గడువు దాటింది."

కింద కొట్టుకి పరిగెత్తి కొత్త పొట్లం తెచ్చి పెట్టాడు. మళ్ళీ రంగేశారు. మళ్ళీ తెలుపే. యాంటీబాడీ సీసా మార్చారు, ఉప్పునీళ్ళు కొత్తగా కలిపారు, ఇంకాస్త సేపు వేడిచేశారు. అయినా తెలుపే. కానీ చిత్రం ఏమిటంటే, అదే స్లైడు మీద పక్కన పెట్టే సాక్షి ముక్క, అంటే రంగు తప్పక తేలుతుందని ముందే తెలిసిన ముక్క, ప్రతిసారీ చక్కగా గోధుమరంగులోకి తిరిగింది.

"ఇంకేముందక్కా," అన్నాడు పో-యెన్, "సాక్షికి వచ్చిందంటే మందూ మంచిదే, యంత్రమూ బుద్ధిగానే ఉంది. ఈవిడ ముక్కలో నిజంగానే లేదు. రాసి పంపించేద్దాం."

సూ-చిన్ స్లైడు మీద పేరు మళ్ళీ చదివింది. ఆ పేరు ఆవిడ అంతకు ముందు ఒక బకెట్టు మూత మీద చదివింది.

పండగ తొలిరోజు డ్యూటీ సూ-చిన్‌దే. చేయడానికి పెద్దగా పనేమీ ఉండదు. యంత్రాలు నడుస్తున్నాయో లేదో చూడాలి, వచ్చిన ముక్కలు మునిగి ఉన్నాయో లేదో చూడాలి. పెద్ద ముక్క ఏదైనా వస్తే దాన్ని రొట్టెలా బారులు కోసి మళ్ళీ ఫార్మలిన్‌లో వేయాలి. ఆ మందు లోపలికి నిదానంగా పాకుతుంది, కోయకపోతే పైపైనే గట్టిపడి మధ్యలో మెల్లగా కుళ్ళుతుంది. ఆవేళ బెంచీ మీద ఒకే ఒక బకెట్టుంది. ముందురోజు సాయంత్రం, అందరూ ఇళ్ళకెళ్ళి కుటుంబంతో పండగ భోజనానికి కూర్చునే వేళకి వచ్చింది. పాత ఏడాది చెడుని కొత్త ఏడాదిలోకి మోసుకెళ్ళనని ఆ రోగి పట్టుబట్టిందట. సర్జన్‌ది కూడా ఆవిడ ఊరే, కాదనలేక కోశాడు.

సూ-చిన్ మూత తీసింది. రొమ్ము రొమ్ములా ముద్దగా ఉంది. కోయాలి. సొరుగులాగి కత్తి మీద చెయ్యి వేసింది కూడా.

తొలిరోజు కత్తి ముట్టరు. వంటింట్లో కూడా ముందురోజు వండినవే వేడిచేసుకు తింటారు. కత్తి పడితే ఆ ఏటి భాగ్యాన్ని కోసుకున్నట్టే. చిన్నప్పుడు విన్నది చాలామందికి అక్కడే ఆగిపోతుంది. సూ-చిన్‌కి ఆగలేదు. అంతకు ముందు ఏడు తొలిరోజు పొద్దున్న మొగుడు అడిగాడని ఒక జామకాయ కోసి ఇచ్చింది. వేసవి రాకముందే అతనికి పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయింది. అత్తగారు చుట్టాల ముందు, ఆసుపత్రి వరండాలో, కూరల బజారులో ఒకటే మాట. "ఎందుకు పడిపోదు? తొలిరోజే కత్తి పట్టిన కోడలుంటే పడిపోక ఏమవుతుంది?" మొగుడు పాపం అమ్మని ఊరుకోమన్నాడు. కానీ ఊరుకోమని చెప్పేముందు అతను ఒక్క క్షణం ఆగడం సూ-చిన్ చూసింది.

ఆ సంగతి తెలిసినవాళ్ళెవరూ ఆవిడని తిట్టలేరు. నేనూ తిట్టను. సొరుగు మూసేసింది, బకెట్టులో ఇంకాస్త ఫార్మలిన్ పోసింది, మూత పెట్టింది. సెలవులు ముగిసి డ్యూటీకి వచ్చిన కుర్ర డాక్టరు ముక్కని కోసేదాకా అది అలాగే ఉండిపోయింది.

డాక్టర్ జ్యెన్ సూ-చిన్ కన్నా పదేళ్ళు చిన్న. మాట కటువు, పని మాత్రం గట్టిది. రిపోర్టు మీద సంతకం ఆవిడే పెట్టాలి. మూడోసారీ తెల్లస్లైడే వెళ్ళేసరికి సూ-చిన్‌ని పిలిచి ఇద్దరు ఒకేసారి చూసే రెండు కళ్ళగొట్టాల మైక్రోస్కోప్‌కి అవతలివైపు కూర్చోబెట్టింది.

"గడ్డని చూడకండి. దాని పక్కన చూడండి. ఇవేంటి?"

"మామూలు పాలనాళాలు."

"ఏ ఆడదాని రొమ్ములోనైనా మామూలు నాళంలో అక్కడక్కడా రంగు రావాలి కదా? కేన్సరున్నా లేకపోయినా. మరి ఇవెందుకింత తెల్లగా ఉన్నాయి?"

సూ-చిన్ కళ్ళు తీయలేదు. తీస్తే అవతలి మనిషి మొహం చూడాలి.

"మీ సాక్షి ముక్క మన గదిలో పద్ధతిగా నానబెట్టింది. అది యంత్రం గురించే సాక్ష్యం చెప్తుంది. ఈవిడ ముక్క గురించి ఈ నాళాలే చెప్పాలి. ఇవి చెప్పేదేంటంటే, యంత్రం దాకా రాకముందే ఏదో చెడింది. కణాల్లో కేంద్రకాలు కూడా అలికినట్టున్నాయి చూడండి. ఈ ముక్క సరిగ్గా నానలేదు సూ-చిన్ అక్కా. ఎవరు తీసుకున్నారు దీన్ని?"

తప్పు పొట్లం మీదికి నెట్టేస్తే పో-యెన్ ఇంకోటి కొనడానికి బయలుదేరేవాడే. కుర్ర డాక్టరు కోయడం ఆలస్యం చేశాడని చెప్పినా నమ్ముతారు. నిజమే, ఆలస్యమే చేశాడు. ఏ మాటైనా సరిపోతుంది. ఆ గదిలో అబద్ధం ఆడాల్సిన అవసరం కూడా లేదు, నోరు మూసుకుంటే చాలు. కానీ నోరు మూసుకుంటే తెల్లస్లైడు మీద సంతకం పడుతుంది, ఆ ఆడమనిషికి మాత్రలు ఇవ్వరు.

"తొలిరోజు డ్యూటీ నాదండీ," అంది సూ-చిన్. "బకెట్టు చూశాను. కోయలేదు."

"ఎందుకని?"

"తొలిరోజని."

డాక్టర్ జ్యెన్ స్లైడు తీసి పళ్ళెంలో పెట్టింది. తిట్టి ఉంటే బాగుండేది. "ముందు రాత్రి కూడా అది అలాగే ఉంది కదా. ఆ రాత్రికే సగం పోయి ఉండొచ్చు. అంతా మీ మీదే వేసుకోకండి," అంది.

"మిగిలిన సగం నాదే కదండీ."

ఆ ముక్కలో ఇంకెక్కడ వెతికినా లాభం లేదు. గడ్డ చిన్నది, మధ్యలో లోతుగా ఉన్నది, ఉన్నదంతా చెడింది. ఆపరేషన్‌కి ముందు ఆవిడ ఊరి క్లినిక్‌లో సూదితో తీసిన చిన్న ముక్క ఒకటి ఉండాలి. కేన్సరు అని తేల్చి అక్కడితో వదిలేశారు, మిగతా రంగులు పెద్దాసుపత్రివాళ్ళే వేస్తారులే అని. సూదిముక్క సన్నగా ఉంటుంది కాబట్టి మందు ఇట్టే పట్టేసి ఉంటుంది. అది మిగిలి ఉంటే ఆశ ఉంది, క్లినిక్‌వాళ్ళు చెక్కి అవగొట్టి ఉంటే లేదు. ఇలాంటివి తెచ్చుకోవాల్సింది రోగే.

యువే-షియాది సముద్రం పక్కన తుంగ్‌షి అనే ఊరు. ఆల్చిప్పలు ఒలిచి అమ్ముతుంది. స్కూటర్ మీద క్లినిక్‌కి వెళ్ళి ఆ సూదిముక్క పొదిగిన మైనపు దిమ్మె తీసుకుని, అక్కణ్ణుంచి తిన్నగా జియాయీకి వచ్చింది. ల్యాబు కిటికీ దగ్గర హెల్మెట్ తీయకుండానే జేబులోంచి గుడ్డలో చుట్టిన దిమ్మె తీసింది.

"ఇదేనా అక్కా నాది? ఇంత దారంముక్కా?" అంది దాన్ని వెలుతురుకి ఎత్తి చూస్తూ. "దీనికా ఇంత గొడవ?"

"చాలు. ఉన్నది చాలు," అంది సూ-చిన్.

"నా మూలంగా మీ అందరికీ పండగ పాడైంది. పాత ఏడులోనే పోవాలని నేనే మంకుపట్టు పట్టాను. ఇంకో వారం ఆగి ఉంటే ఈ తిప్పలు లేకపోవును. మీరేం అనుకోకండి."

తప్పు చేసినమ్మ కిటికీకి లోపల నిలబడి ఉంది, క్షమాపణ బయటినుంచి వచ్చింది. సూ-చిన్ దిమ్మె అందుకుని, "రెండు రోజుల్లో చెప్తారమ్మా," అని మాత్రం అంది. ఆ పూటంతా తన మొహం తనకే చెల్లలేదు.

ఆ దిమ్మె తానే చెక్కింది. రంగేయడం కూడా యంత్రానికి ఇవ్వలేదు. పొరలు ఎక్కువ రావు, ఒకటి పోతే పోయినట్టే. ఒక్కొక్కటీ వెంట్రుకంత దారాలు. నీళ్ళ మీద తేలించి స్లైడు మీదికి ఎక్కించింది, ఉప్పునీళ్ళలో వేడిచేసింది, ఆరిపోనివ్వకుండా తడి పెట్టెలో పెట్టి యాంటీబాడీ పోసింది, కడిగింది, మళ్ళీ పోసింది, మళ్ళీ కడిగింది. చివరి మందు చుక్కలుగా వదిలి వంగి చూస్తూ కూర్చుంది. పో-యెన్ వెనక నిలబడ్డాడు.

ముందు సాక్షి ముక్క తిరిగింది. అది ఎలాగూ తిరుగుతుంది. దారపుముక్క చాలాసేపు దారంలాగే ఉంది. తర్వాత దాని అంచున ఒక చోట టీ మరకలాంటిది పడింది, అక్కణ్ణుంచి పొడుగునా పాకింది.

డాక్టర్ జ్యెన్ మైక్రోస్కోప్‌లో ముందు పాలనాళం చూసింది, తర్వాత గడ్డ చూసింది. "నాళం పలికింది. గడ్డ కూడా నూటికి తొంభై పాళ్ళు పలికింది," అంది. "ఈవిడకి మాత్రలు పనిచేస్తాయి." సూ-చిన్ లేచి చేతులు కడుక్కోవడానికి వెళ్ళి, కడిగిన చేతులే మళ్ళీ కడుక్కుంటూ ఏడ్చింది.

దిమ్మెని తిరిగి క్లినిక్‌కి ఇవ్వాలి కాబట్టి యువే-షియా మళ్ళీ వచ్చింది. ఈసారి హెల్మెట్ తీసింది. మంచుముక్కల మధ్య ఒలిచిన ఆల్చిప్పల సంచి ఒకటి కిటికీలోంచి లోపలికి తోసింది.

"పొద్దున్న ఒలిచినవే. గుడ్డుతో అట్టేసుకోండి. మాత్రలు చాలన్నారక్కా డాక్టరుగారు. నేను మా ఆయనకి మీ గురించి ఎన్నిసార్లు చెప్పానో. మీరంతా ఎంత కష్టపడ్డారో నాకు తెలుసు."

చెప్పాల్సిన అవసరం ఏమీ లేదు. అంతా కుదుటపడింది. ఆ సంచి అందుకుని, నవ్వి, దిమ్మె చేతిలో పెడితే సరిపోయేది. సూ-చిన్ సంచిని ముట్టుకోలేదు.

"నేను కష్టపడలేదమ్మా," అంది. "ఆపరేషన్‌లో తీసింది నా చేతికే వచ్చింది. వచ్చిన వెంటనే బారులుగా కోయాలి, అప్పుడే చెడకుండా ఉంటుంది. తొలిరోజని నేను కత్తి పట్టలేదు. అది చెడిపోయింది. ఈ దిమ్మె కోసం నువ్వు తిరిగిన తిరుగుడంతా నా మూలంగానే. ఆ దారంముక్క కూడా లేకపోయి ఉంటే నీకు మాత్రలు ఇచ్చేవాళ్ళు కాదు."

యువే-షియా కిటికీ అంచు పట్టుకుని నిలబడింది. వేళ్ళ నిండా ఆల్చిప్పలు చీరిన పాత గాట్లు.

"తొలిరోజా," అంది. "తొలిరోజు ఎవరు పడతారక్కా కత్తి? నేనైనా పట్టను. మా ఇంట్లో ఒలిచే కత్తులన్నీ ముందురోజే గుడ్డలో చుట్టి పైన పెట్టేస్తాం."

సూ-చిన్ తల ఊపింది. ఆ మాటతో గుండె మీంచి బరువు దిగుతుందనుకుంది. దిగుతున్నట్టే అనిపించింది కూడా.

యువే-షియా దిమ్మెని గుడ్డలో చుట్టుకుని జేబులో పెట్టుకుంది. హెల్మెట్ చేతిలోకి తీసుకుంది. వెళ్ళబోతూ ఆగింది.

"కానీ మీరు పట్టాల్సిందక్కా," అంది. గొంతులో కోపం లేదు. "ఆ ముక్క నాది కదా."