పిచ్చయ్యగారికి వినిపించిన మాట

వృద్ధుల దిగులు మీద సర్వే చేస్తూ 1961 ఫిబ్రవరి 6 నాటికి కన్నడ సీమలోని సిరిగేరిలో అరవై దాటినవారిని ముప్పై ఏడుగురిని కలిశాను. వారందరిలో దిగులుకు అత్యధిక మార్కులు పిచ్చయ్యగారివి. కృష్ణా జిల్లా నుంచి వచ్చి కాలువ కింద వరి పండిస్తున్న ఈ పెద్దాయన ఇరవై రోజులుగా అన్నం సగంలోనే వదిలేస్తున్నారు, ఎవరితోనూ మాట్లాడటం లేదు. నా పట్టికలో కారణాలుగా ఒంటరితనం, అనారోగ్యం, నిద్రలేమి ఉన్నాయి. ఆయన మూడింటినీ కొట్టేయించి, "కోదండరామి అని రాసుకో అమ్మాయ్" అన్నారు.

పొరుగు రైతు కోదండరామిగారు ఈ ఊళ్లో ఆయనకున్న ఏకైక స్నేహితుడు. "వాడికి మజ్జిగ పోస్తూ, మోకాళ్ల నొప్పితో పొలానికి రాలేకపోయానని చెప్పుకున్నాను. 'సాకు, సాకు' అన్నాడు! నా నొప్పి సాకా?"

ఆ మాటే వెళ్లి కోదండరామిగారిని అడిగాను.

"అయ్యో, గ్లాసు నిండి పొర్లుతాండాదని సాకన్నానమ్మా! కన్నడంలో సాకంటే చాలని గదా. ఇంతదానికే అలిగినాడా ఆయప్ప?" అంటూ చెప్పులైనా వేసుకోకుండా బయలుదేరారు.

మరుసటి వారం మిగిలిన ప్రశ్నలు అడగడానికి వెళ్తే పిచ్చయ్యగారి కోడలు శివపార్వతి ఒక్కతే ఉంది. "మామయ్యగారూ కోదండరామిగారూ పొద్దున్నే సిరుగుప్ప బస్సెక్కారండీ. ధాన్యం ధర కనుక్కొస్తారంట. మా ధాన్యం అమ్మేసి నెలైందండీ."