పరంధామయ్య తగ్గించిన వేగం

చిత్తూరులో పరంధామయ్య ఇంటి గడప తొక్కిన మనిషి, కంప్యూటరు తెర మీద ఒక తోతాపురి మామిడికాయ తిరగడం చూస్తేగాని బయటపడలేడు. కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినవాడు చూశాడు. పెండ్లిపత్రిక ఇవ్వడానికి వచ్చినవాళ్ళు అక్షింతలు చేతిలో పట్టుకునే చూశారు. పాలుపోసే మునెమ్మ అయితే చూసి చూసి, కాయకు ముక్కు ఎప్పుడొస్తుందో, తొడిమ ఎప్పుడొస్తుందో ముందే చెప్పేస్తుంది.

ముందుగదిలో సగం ఆ యంత్రమే. ఏనుగుపిల్లంత తెర, దాని కింద ఇనప్పెట్టెలాంటి వర్క్‌స్టేషను, పక్కన ఎనిమిది మరలున్న చిన్న పెట్టె. పరంధామయ్య చొక్కాచేతులు మడుచుకొని, పాత రేడియోలో స్టేషను వెతికినట్టు ఒక మరను సుతారంగా తిప్పుతాడు. తెర మీద పైనుంచి ఒక గీత పడుతుంది. కాసేపటికి ఇంకో గీత. నాలుగు నిమిషాలయ్యాక కాయ వేలెడు పక్కకు తిరిగి కనిపిస్తుంది.

“సూసినావా, తిరిగింది!” అంటాడు, తానే చెట్టెక్కి తిప్పి వచ్చినట్టు.

కాయ తిరిగేలోపల విద్వత్తు చెప్పుకోవడం ఉంటుంది.

“నేను ఐరాల హైస్కూల్లో తెలుగు మీడియం సదివినోణ్ణి. ఇంగ్లీషులో సరిగ్గా ముప్పై అయిదు మార్కులు. అట్లాంటి నేను ఎనభై తొమ్మిదిలో బెంగళూరులో, యంత్రాల డ్రాయింగులు గీసే కంపెనీలో ఈ మిషను ముందర కూసున్నా. టైలు కట్టుకున్న ఇంజనీర్లు నా కుర్చీ ఎనక నిలబడుకోనుండ్రి!”

ఇక్కడ ఆయన ఊపిరి పీల్చుకుంటాడు. ఆ సందులో కాఫీ లోటా అందించాలని భార్య వసంతమ్మకు తెలుసు. కంపెనీ కొత్త యంత్రాలు తెచ్చుకున్నప్పుడు ఈ పాతదాన్ని ఆయనకు బహుమానంగా ఇచ్చిన ఘట్టం, తర్వాత బంగారుపాళ్యంలో గుజ్జు ఫ్యాక్టరీ యంత్రాలకు బ్లేడ్లు గీసిన ఘట్టం, అన్నీ ఆమెకు కంఠతా వచ్చు.

అసలు కథానాయకుడు ఆ ఇనప్పెట్టె లోపలుంటాడు. గ్రాఫిక్స్ యాక్సిలరేటరు బోర్డు.

“పెండ్లిలో వంటాయన ఒక్కడే ఎర్రగడ్డలు తరుక్కుంటా కూసుంటే సాంబారు ఎప్పుడు కాగేది? తరిగేదానికి వేరే మనిషిని పెట్టల్ల. కాయ తిరిగిన ప్రతిసారీ రెండువేల ముక్కోణాలు మళ్ళీ గీయల్ల గదా, ఆ తరుగుడు పని ఈ బోర్డుది. అందుకే అంత వేగం!”

ఇంత చెప్పినా తెర మీద ఇంకా సగం కాయే ఉంటుంది.

“అన్నా, వేగం అంటివే,” అన్నాడు ఒకనాడు పక్కింటి మామిడిమండీ సుందరరాజు. “నీ కాయ తిరిగేలోపల మా మండీలో లారీ లోడయి పోయింది. ఇదో సూడు.” ఫోనులో ఏదో బొమ్మను వేలితో గిరగిరా తిప్పి చూపించాడు.

“వేగం నేనే తగ్గించి పెట్టినా రాజూ. బిర్రున తిప్పితే మీకు కండ్లు తిరుగుతాయి. నీ ఫోనులో ఉండేది ఈ బోర్డుకు మునిమనమడు. పిల్లనాయాలు ఉరుకుతాడు, పెద్దమనిషి ఉరుకుతాడా?”

అందరికంటే ఎక్కువ నవ్వింది వసంతమ్మే. “మొన్న కాయ తిప్పడం మొదలుపెట్టినాడు. నేను పోయి చట్నీ రుబ్బి, తిరగమాత పెట్టి వచ్చినా. ఇంకా తొడిమకాడే ఉండాడు!” అని చుట్టాలిండ్లలో చెప్పి అందర్నీ నవ్వించేది.

పోయిన వేసవిలో బెంగళూరు నుంచి రేవతి అనే అమ్మాయి వచ్చింది. పాత కంప్యూటర్ల ప్రదర్శనశాల పెడుతోందట. బోర్డు పనిచేస్తూ ఉంటే అద్దాలపెట్టెలో పెట్టి, కింద ఇత్తడి పలక మీద ఆయన పేరు వేస్తామని ముందే ఉత్తరం రాసింది. ఆ ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచి పరంధామయ్య నిద్రలో కూడా పలక మీద అక్షరాలు సరిచేస్తున్నాడు. కొత్త చొక్కా కుట్టించాడు. ఇంత కాలం నోటితో చెప్పుకున్నది ఒక్కసారి లోహం మీద ఉండాలి, అంతే ఆయన కోరిక.

రేవతి నాలుగు నిమిషాలూ ఓపికగా చూసింది. “సార్, బోర్డు పనిచేయడం లేదు. పనిచేస్తుంటే కాయ మీ చేతితోపాటే తిరగాలి. ఇప్పుడు మిషను ఒక్కటే కష్టపడి గీస్తోంది.”

“వేగం నేనే తగ్గించి...”

“అలా తగ్గించడానికి వీల్లేదు సార్,” అంటూ ఆ పిల్ల మూత విప్పి, బోర్డును బయటకు లాగింది.

దాని మీద పెద్ద చిప్పులు తొమ్మిది. తొమ్మిదింటికీ గుండ్రంగా పసుపు, నడుమ కుంకుమబొట్టు. పసుపునీళ్ళు చిప్పుల కాళ్ళలోకి దిగి పచ్చగా చిలుము పట్టి ఉంది.

“ఇంత పద్ధతిగా తడిపసుపు ఎవరు పెట్టారు సార్?”

కాఫీ పళ్ళెంతో వచ్చిన వసంతమ్మ తలుపు దగ్గరే ఆగిపోయింది. తొంభై ఎనిమిది ఆయుధపూజ. ఆయన బంగారుపాళ్యం పోయినాడు. పైపైన బొట్టు పెడితే దేవుణ్ణి మోసం చేసినట్టని ఆమే మూత విప్పి, లోపలుండేవాళ్ళకు ఒక్కొక్కరికీ పెట్టింది.

“నేనే పెట్టినా పాపా,” అన్నాడు పరంధామయ్య. “నాకు భక్తి జాస్తి.”

ఆయన జన్మలో ఒక కర్పూరం బిళ్ళ వెలిగించినవాడు కాడు.

“మీ చేతులతో మీరే పాడుచేసుకున్నారని రాసుకోవాలి సార్, మరి.”

పరంధామయ్య కొత్త చొక్కా కాలరు సర్దుకున్నాడు. “రాసుకో.”

వసంతమ్మ పళ్ళెం ఠపీమని బల్ల మీద పెట్టింది. “అబద్ధం! పెట్టింది నేను. ఏమయ్యా, నీకు ఎప్పుడు తెలిసింది?”

“ఆ సాయంత్రమే.”

“ఇరవై ఏడేండ్లు నోరెత్తకుండా ఉంటివే!”

“ఒక్కపొద్దుండి పూజ సేసినావు. బోర్డు సల్లగా ఉండాలని మొక్కినానంటివి. అది సచ్చిపోయిందని ఏ నోటితో సెప్పేది?”

“ఊరంతా నవ్వె! నేనూ నవ్వితినే!”

“నువ్వు నవ్వింది మాత్రం కొంచెం జాస్తి,” అన్నాడు ఆయన, ఎటో చూస్తూ.

రేవతి ఇద్దరి మొహాలూ చూసి, బోర్డును మెత్తటి గుడ్డలో చుట్టింది. “పనిచేసే బోర్డులు ఇంకో రెండుచోట్ల ఉన్నాయి సార్. పూజ చేయించుకున్న బోర్డు ఎక్కడా చూడలేదు. ఇదే తీసుకుపోతా.”

“అట్లయితే నా పేరు గూడా ఉండాల,” అంది వసంతమ్మ.

“నీ పేరెందుకే?”

“నువ్వు నడిపినావు. నేను ఆపలేదా?”

రెండు నెలల తర్వాత ఇద్దరూ బస్సెక్కి పోయి చూశారు. అద్దాల వెనక బోర్డు బొట్లతో సహా మెరుస్తోంది. కింద పలక: ‘నడిపినవారు: పరంధామయ్య, ఐరాల. ఆపినవారు: శ్రీమతి వసంతమ్మ.’

వసంతమ్మ కండ్లద్దాలు తుడుచుకొని, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కొని చదివి, మొగుడి మోచేతిని పొడిచింది.

“సూసినావా, నాకు శ్రీమతి అని ఏసినారు. నీకు శ్రీ గూడా లేదు.”