లప్పం కింద తుప్పు

చిన్నప్పుడు ఒక ఎండాకాలమంతా నా గోళ్ల సందుల్లో తుప్పే ఉండేది... అన్నం పెట్టే ముందు అమ్మ రెండుసార్లు చేతులు కడిగించేది. అయినా ఎర్రగానే ఉండేవి.

మాది నారాయణఖేడ్. ఇంటి పక్క ఖాళీ జాగాలో మా తాత లారీ నిలబడి ఉండేది. మూతి ముందుకు పొడుచుకొచ్చిన పాతకాలం లారీ. తాత పోయాక ఐదేళ్లు దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఇంజన్ బాగానే ఉంది గానీ రేకునంతా తుప్పు తినేసింది... తలుపు అడుగున వేలు పెడితే అటువైపు తేలేది.

నేను ఏడో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నాను. బాపు ఒకరోజు పొద్దున్నే, "మనమే మంచిగ జేసుకుందాం. తాత బండి మన ఇంట్లనే ఉండాలె" అన్నాడు. తాత దగ్గర ఇరవై ఏళ్లు ఆ లారీ నడిపిన యూసుఫ్ చాచాను కూడా పిలిపించాడు.

ముగ్గురిలో ఎవరికీ రేకు పని రాదు. చాచాకు నడపడం వచ్చు, బాపుకు వ్యవసాయం వచ్చు... నాకు ఏదీ రాదు.

మొదటి వారం మడ్‌గార్డ్ సొట్ట తీద్దామని చాచా లోపలి నుంచి సుత్తితో కొట్టాడు. సొట్ట పోయి, పైకి పూరీలా పొంగింది. దాన్ని అణచబోతే మళ్లీ సొట్ట. నవ్వలేక చచ్చాం ఆ రోజు.

చివరికి బస్టాండ్ వెనక డెంటింగ్ షాపు దగ్గర సగం రోజు నిలబడి చూశాం. అక్కడి పనివాడు ఒక్కటే చెప్పాడు... తెల్ల ఇనుము కనబడేదాకా గీకాలి, కుళ్లిన రేకును కోసి పారేయాలి. గుంతలు పూడ్చే లప్పం తుప్పు మీద పూస్తే, లోపల తుప్పు రేకును తింటూనే ఉంటుందట.

ఇంక అదే మాకు పాఠం. పాత నూనె డబ్బాలు చీల్చి, చదును చేసి, అతుకులు కోశాం. బాపు రివెట్లు కొట్టేవాడు. గీకడం నా పని. ముందు తీగల బ్రష్, తర్వాత గరుకు కాగితం. నేను అయిపోయిందన్న చోట చాచా కళ్లు మూసుకుని వేళ్లతో తడిమేవాడు. "ఈడ ఇంక ఉంది బేటీ" అనేవాడు. నిజంగానే ఉండేది! కొన్నాళ్లకు నా వేళ్లకూ తెలియడం మొదలైంది.

రెండు తలుపులు, రెండు మడ్‌గార్డ్‌లు అయ్యాయి. క్యాబిన్ అడుగు రేకు మిగిలింది. అన్నిటికన్నా కుళ్లింది అదే.

అప్పుడే సిర్గాపూర్‌లో మేనమామ ఇంట్లో పెళ్లి. అమ్మా నేనూ ఐదు రోజులు ఉండి వచ్చాం. వచ్చేసరికి లారీ నీలం రంగులో తళతళలాడుతోంది... చెప్పులు విడిచి క్యాబిన్‌లోకి ఎక్కాను. అడుగు నున్నగా ఉంది. అలవాటుగా తడిమి, ఒక చోట బొటనవేలితో నొక్కాను. వేలు లోపలికి దిగింది.

గోనెపట్టా ముక్కలు కుక్కి, పైన లప్పం పూసి, రంగు వేశారు.

చాచా ఏడని అడిగితే, ఒంట్లో బాగాలేదన్నాడు బాపు. నిజం తర్వాత చాచా భార్య అమ్మకు చెప్పింది. రేకు కోయకుండా లప్పం పెట్టనని చాచా బ్రష్ పడేసి వెళ్లిపోయాడట.

మూడో రోజు నాగల్‌గిద్ద నుంచి శంకరప్ప అనే రైతు వచ్చాడు. లారీ కొనడానికి. అమ్ముతున్నామని అప్పటిదాకా నాకు తెలియనే తెలియదు... ఆయన బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. తలుపులు తట్టి చూశాడు. మొహంలో అనుమానం పోలేదు. బాపు నన్ను కేకేసి పిలిచి, "ఎండాకాలమంత నా బిడ్డనే గీకింది. దాన్నే అడుగు" అన్నాడు.

శంకరప్ప మాటల్లో కన్నడం కలిసేది. వంగి నా మొహంలోకి చూసి, "తుప్పు అంత పోయిందా తాయీ?" అని అడిగాడు.

బాపు నా వైపు చూడలేదు. లారీ వైపే చూస్తూ నిలబడ్డాడు.

"పోయింది" అన్నాను.

శంకరప్ప ఆ రోజే లారీ కొనుక్కుపోయాడు. వానలు పడ్డాక లప్పం ఉబ్బింది. ఒకరోజు ఆయన క్యాబిన్‌లోకి ఎక్కుతుంటే అడుగు విరిగి, కాలు మోకాలిదాకా కిందికి దిగిపోయింది. తుప్పు అంచు పిక్కను చీల్చేసింది. దవాఖానలో కుట్లు వేశారని తెలిసింది.

కొన్నాళ్లకు ఒక అంగడి రోజు కర్ర పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. ఆయన్ను చూడగానే బాపు వెనక తలుపు నుంచి పొలానికి వెళ్లిపోయాడు. అమ్మ మంచినీళ్లు ఇచ్చింది. గొడవ చేస్తాడనుకున్నాం... చేయలేదు. నీళ్లు తాగి, చెంబు కింద పెట్టి నాతో అన్నాడు:

"మీ బాపు మాట నేను నమ్మలే తాయీ. నీ మాట నమ్మిన."

అంతే. మెల్లగా లేచి వెళ్లిపోయాడు.

పెద్దయ్యాక, నా పెళ్లి కూడా అయ్యాక, ఒకసారి బాపును అడిగాను. "బోరు ఎండిపాయె బిడ్డా... పంట నిలబడాలె గద. ఏం జెయ్యాలె?" అన్నాడు. లారీ ఎందుకు అమ్మావని నేను అడగలేదు. నన్నెందుకు పిలిచావని అడిగాను. తువ్వాలు దులుపుకుని బయటికి వెళ్లిపోయాడు.

ఇప్పుడు బండికి సొట్ట పడితే షాపులో వదిలేసి సాయంత్రానికి కొత్త రేకుతో తెచ్చుకుంటున్నాం. ఇంటిల్లిపాదీ కూర్చుని గీకే రోజులు పోయాయి. తండ్రి నవ్వితే చాలు ప్రపంచమంతా బాగున్నట్టు నమ్మే వయసూ పోయింది...

పెద్దవాళ్లు మీ నోట పలికించిన అబద్ధం ఏదైనా మీలోనూ ఉండిపోయిందా? ఉంటే ఇక్కడ రాయండి. అప్పుడు నోరు తెరిచి చెప్పలేకపోయాం... ఇప్పుడైనా చెప్పుకుందాం.