డబ్బాలో డబ్బా, ఆఖర్న సుద్దముక్క

మా మేడం పోయారు. విశాఖ ద్వారకా నగర్‌లో మెట్లెక్కి వెళ్లే ఓ చిన్న కంప్యూటర్ సెంటర్‌లో మాకు సి ప్లస్ ప్లస్ ప్రోగ్రామింగ్ నేర్పిన మనిషి. మొన్న అక్కడే సంతాప సభ పెట్టారు. సెంటర్ యజమాని లేచి, "ఎంతోమంది ఆడపిల్లలకి ఓపిగ్గా ఆఫీసు ప్యాకేజీ నేర్పారు" అన్నారు. అది నిజం కాదు. కాదని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మా నాన్న పోర్టులో ఓడల సరుకు ఎత్తిదించే కలాసీ. మా ఇంట్లో బడి గడప తొక్కింది నేనే మొదలు. నేను మేడం బ్యాచ్‌లో చేరిన వారానికే యజమాని తలుపు దగ్గర నిలబడ్డారు.

"తెలుగు మీడియం పిల్లకి టెంప్లేట్లు ఎందుకు మేడం? టైపు వస్తే చాలు, ఆ ఆఫీసు ప్యాకేజీ బ్యాచ్‌లో వేసెయ్యండి."

"ఎందుకో ఆ పిల్లే సెప్తాది సార్. సాయంత్రం దాకా ఆగండి."

మేడం భీమిలి మనిషి. బోర్డు మీద ఇంగ్లిషు, నోట్లో భీమిలి. ఆవిడ సంచిలో ఎప్పుడూ రేకు డబ్బాలుండేవి, ఒకదానిలో ఒకటి. అన్నిటికన్నా లోపల సుద్దముక్క. టెంప్లేట్ అంటే అచ్చు. ఒకసారి రాస్తే అంకెలకైనా పేర్లకైనా డబ్బా తయారవుతుంది, డబ్బాలో డబ్బా కూడా పెట్టొచ్చు. ఎన్ని పొరలున్నా ఆఖర్న ఉన్నది ఏ రకమో ప్రోగ్రామ్ నడవకముందే, దాన్ని మెషీన్ భాషలోకి మార్చే కంపైలర్ చేత చెప్పించాలి. ఆ రోజు నాకిచ్చిన పని అదే.

"ముందే ఎందుకు మేడం?" అన్నాను.

"మీ నాన్ననడుగు. ఓడ కదిలిపోయాక సరుకేటో సూసుకుంటే ఏటి లాభం?"

రాశాను. కంపైల్ చేస్తే తెర నిండా ఎర్రర్లు, కిందికి కిందికి పోతూనే ఉన్నాయి. వెనక బెంచీలో ఒకడు, "టైపు బాగానే కొట్టింది రా!" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏటమ్మా, ఏడుత్తన్నావా? అది తిట్టట్లేదు, నీతో మాటాడతంది. పైకెళ్లు. మొదటి లైను సదువు."

చదివాను. నా అచ్చు డబ్బాలన్నీ తెరిచి, లోపలి అంకెను కూడా డబ్బా అనుకుని తెరవబోయింది.

మేడం సుద్దముక్క నా చేతిలో పెట్టారు. "ఇదెలా తెరుత్తావు?"

"తెరవలేం మేడం. ఇది ఇదే."

"అదే రాయి మరి."

రెండో నియమం రాశాను. డబ్బా అయితే తెరువు, కాకపోతే అదే జవాబు. ఈసారి ఎర్రర్లు లేవు. యజమాని వచ్చి తెర వంక చూసి, తన గదిలోకి వెళ్లిపోయారు. మేడం నన్ను చూసి నవ్వలేదు. "రేపు తొందరగా రా. ఇంకా కట్టమైంది ఇత్తాను" అన్నారు, అంతే. ఆ బ్యాచ్‌లో నా చోటు నాకు దక్కింది.

ఇప్పుడు రుషికొండలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఎంత పెద్ద ఎర్రరొచ్చినా నా చెయ్యి దానంతటదే తెరను పైకి జరుపుతుంది.

సభలో నన్ను రెండు మాటలు చెప్పమన్నారు. మాటలు చెప్పలేదు. మేడం ఫొటో పక్కన ఆవిడ ఇంటివాళ్లు పెట్టిన ఆ రేకు డబ్బాలు ఒకటొకటే తెరిచి, లోపలి సుద్దముక్కతో ఆ రెండు నియమాలూ బోర్డు మీద రాశాను. కింద మేడం పేరు రాశాను.

సభ అయ్యాక యజమాని అలవాటుగా డస్టర్ తీశారు.

"తుడవకండి సార్" అన్నాను.

నేను మెట్లు దిగేటప్పుడు కూడా డస్టర్ ఆయన చేతిలోనే ఉంది. బోర్డు మీద అక్షరాలు తెల్లగా అలాగే ఉన్నాయి.