ఖరాబైతే ఏం జెయ్యాలె?

నిన్న పత్తర్‌గట్టిలో ఒక బట్టల దుకాణం ముందు నుంచి వెళ్తుంటే, అప్పుడే విప్పుతున్న కొత్త గుడ్డల తాను గంజివాసనకు నా కాళ్లు ఆగిపోయాయి. శాలిబండలో మా ఇంటి ముందుగదిలో ఒకప్పుడు ఎప్పుడూ అదే వాసన.

ఆ గదిలో నాన్న చెల్లెలు, మా చిన్నత్త యాదమ్మ, మిషన్ కుట్టేది. బోనాల నాడు వీధంతా వేపాకు, పసుపు గుబాళిస్తున్నా, రంజాన్ సాయంత్రాల్లో పక్కింటి సకీనా ఖాలా గిన్నె నిండా దహీవడలు పంపినా, మేం పిల్లలం గచ్చు మీద అష్టాచెమ్మా గీసుకుని లొల్లి చేస్తున్నా, తలెత్తకుండా మా గౌన్లు, అమ్మ జాకెట్లు కుడుతూనే ఉండేది. బయటివాళ్ల బట్ట మాత్రం ముట్టేది కాదు. "ఖరాబైతే ఏం జెయ్యాలె?" అనేది. మబ్బు పడితే మిద్దె కురుస్తుందని, కండక్టరైన నాన్న పది నిమిషాలు ఆలస్యమైతే బస్సుకు ఏదో అయిందని ఆమెకు గట్టి నమ్మకం.

ఒకసారి సర్కారు బడిలో కుట్టుపని టీచరు ఉద్యోగానికి ఇంటర్వ్యూ కాగితం వచ్చింది. నాన్న సంబరంగా కొత్త చీర తెచ్చాడు. చిన్నత్త ఆ చీర కట్టుకుని, తల దువ్వుకుని, గడప దాకా వచ్చి కూలబడిపోయింది.

"నాకెవరిస్తరన్నా? ఊకె పోవుడెందుకు?"

ఆ ఉద్యోగం ఆమె దగ్గరే కాజాలు కుట్టడం నేర్చుకున్న స్నేహితురాలికి వచ్చింది. చిన్నత్త నెల రోజులు సరిగ్గా అన్నం తినలేదు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు బడిలో పాటల పోటీ పెట్టారు. బతుకమ్మ పాటలన్నీ నోటికొచ్చిన దాన్ని, పేరివ్వకుండానే ఇంటికొచ్చాను. ఎందుకివ్వలేదని చిన్నత్త అడిగింది.

"నాకెవరిస్తరత్తా బహుమతి? ఊకె పోవుడెందుకు?" అన్నాను.

మిషన్ చక్రం ఆగిపోయింది. తన మాటలు నా నోట వినడం చిన్నత్తకు అదే మొదటిసారి.

మర్నాడు తనే పక్కింటికి వెళ్లి, సకీనా ఖాలా ఎన్నాళ్లుగానో బతిమాలుతున్న పని ఒప్పుకుంది. ఖాలా కూతురి పెళ్లి కుర్తా! ఎర్రపట్టు చాప మీద పరిచి, ఊపిరి బిగబట్టి కత్తిరించింది. అంతా అయ్యాక చూస్తే కుర్తా చెయ్యి ఒకటి నాలుగు వేళ్ల మేర పొట్టిగా వచ్చింది. ఇన్నేళ్లూ దేనికి భయపడిందో అదే జరిగింది. కళ్లు తుడుచుకుంటూ ఆ గుడ్డ పట్టుకుని పక్కింటికి వెళ్తుంటే, కొంగు పట్టుకుని నేనూ వెనకే వెళ్లాను.

ఖాలా గుడ్డను చూసింది, చిన్నత్త మొహం చూసింది, పకపకా నవ్వేసింది.

"అరే యాదమ్మా, చెయ్యే గదా పొట్టిగైంది, పెండ్లి ఆగలే గదా! రెండోది గూడ అంతే కోసి, రెండు చేతులకూ జరీపట్టీ ఏద్దాం. ఫికర్ నక్కో!"

ఆ మధ్యాహ్నమే ఇద్దరూ బజారుకెళ్లి పట్టీ తెచ్చారు. పెళ్లిలో ఆడవాళ్లంతా ఆ చేతులు పట్టుకుని చూసి, కుట్టిందెవరని అడిగారు. ఆపై మా ముందుగది ఖాళీగా ఉన్న రోజు లేదు. మరుసటేడు నేను పోటీలో పాడి, ఏ బహుమతీ లేకుండా తిరిగొస్తే, చిన్నత్త ఆ సాయంత్రం డబుల్ కా మీఠా చేసింది.

ఇప్పుడా ఇల్లు లేదు. గచ్చు లేదు, సకీనా ఖాలా లేదు. కొలతలిచ్చి పండక్కి ఎదురుచూసే ఓపిక మా పిల్లలకు లేదు. చిన్నత్త నా దగ్గరే ఉంటోంది. పోయిన నెల ఆమెకు కంటి ఆపరేషన్ జరిగింది. బయట కూర్చున్న నేను ఏమవుతుందోనని గడియారం చూసుకుంటుంటే, లోపలికి వెళ్తూ ఆమె డాక్టరును అడుగుతోంది:

"సారూ, ఎన్ని దినాలకు సూదిల దారం ఎక్కియ్యొచ్చు?"